8వ శతాబ్దపు ఐర్లండ్‌లో దొర దగ్గర బాకీ వసూలు చేసేదెలా?

ఆవులమంద:
8వ శతాబ్దపు ఐర్లండ్ నేపథ్యంగా కథ రాస్తున్నాను. అందులో ఒక బో ఆరె, అంటే సొంత భూమీ పశువులూ ఉన్న రైతు, ఒక దొరకి మూడు పాడి ఆవులు బదులిస్తాడు. గడువు దాటినా దొర తిరిగివ్వడు. పోలీసులు లేరు, జైలు లేదు. బాకీదారు గుమ్మం ముందు చచ్చేదాకా పస్తుండేవారని ఎక్కడో చదివాను. నిజంగా అలాగే వసూలు చేసేవారా? ఏది ముందో ఏది తర్వాతో వరసగా చెప్పగలరా?

బందెలదొడ్డి:
ముందు మీ లెక్క చూసుకోండి, కథ అక్కడే దెబ్బతింటోంది. ఆ సమాజంలో ప్రతి స్వతంత్రుడికీ ఒక పరువు ధర ఉండేది. అతన్ని అవమానిస్తే కట్టాల్సిన పరిహారం అది. అతను ఎంతవరకు ఒప్పందాలు చేసుకోవచ్చో దానికి హద్దు కూడా అదే. సుమారు 700 నాటి క్రిత్ గబ్లాఖ్ అనే న్యాయగ్రంథం బో ఆరెకి 5 షేద్‌లు కట్టింది. మామూలుగా రెండు షేద్‌లంటే ఒక పాడి ఆవు. మూడు ఆవులంటే 6 షేద్‌లు, హద్దు దాటిపోయింది. దొర తరఫు వకీలు ఒప్పందమే చెల్లదంటాడు. రెండు ఆవులు చేయండి, గొడవ ఉండదు. ఈ విలువలు గ్రంథానికో రకంగా ఉంటాయి కాబట్టి కథంతా ఒకే లెక్క పట్టుకోండి. నాణేల ఊసు మాత్రం ఎత్తకండి. ఐర్లండ్‌లో మొదట నాణేలు ముద్రించింది 997 ప్రాంతంలో, డబ్లిన్ నార్స్ రాజు సిట్రిక్.

ఇక వసూలు. బాకీదారు తోటి రైతైతే దారి జప్తు. మొదట లాంఛనంగా నోటీసు ఇవ్వాలి. ఆపైన అనద్ అనే గడువు, వ్యాజ్యాన్ని బట్టి 1, 3, 5 లేదా 10 రోజులు. ఆ రోజుల్లో పశువులు బాకీదారు దగ్గరే మేస్తుంటాయి. గడువు తీరాక బాకీకి సరిపడా పశువుల్ని తోలుకొచ్చి బందెలదొడ్డిలో పెట్టాలి. ఒంటరిగా పోకూడదు, వకీలు వెంట ఉండి సాక్ష్యంగా చూడాలి. దొడ్డిలో దిథిమ్ అనే ఇంకో గడువు నడుస్తుంది. అప్పుడైనా బాకీ కట్టో, తాకట్టు పెట్టో విడిపించుకోవచ్చు. అదీ దాటిందా, వెంటనే 5 షేద్‌ల విలువైన పశువులు, తర్వాత రోజుకు 3 షేద్‌ల చొప్పున, అప్పిచ్చినవాడి సొత్తవుతాయి.

చాలామంది బోల్తా పడేది పద్ధతి దగ్గర. గడువు తీరకుండా తోలినా, వకీలు లేకుండా తోలినా అది తప్పుడు జప్తు, దానికి 5 షేద్‌ల జరిమానా. మీ రైతు రెండు ఆవుల కోసం వెళ్లి రెండున్నర ఆవులు వదిలించుకుంటాడు.

కమ్మరి బాకీ పడితే పశువుల జోలికి పోకుండా అతని దాగలికి ఒక లేతకొమ్మ మెలితిప్పి కట్టేవారు. బాకీ సంగతి తేలేదాకా సుత్తి ఎత్తకూడదు.

పస్తుపండితుడు:
బందెలదొడ్డి గారు చెప్పింది సమానుల మధ్య. ఈ కథలో ఉన్నది దొర. రాజులు, దొరలు, మతాధికారులు, కవులు నెమెద్ వర్గం. వాళ్ల మందని నేరుగా తోలుకుపోవడం కుదరదు, ముందు ట్రోస్కద్, అంటే పస్తు, పట్టాలి. పస్తు పనిచేయకపోతేనే జప్తు.

ప్రాణం మీదికి తెచ్చుకునేదేమీ కాదది. పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా బాకీదారు ఇంటి ముందు కూచుని రాత్రి భోజనం మానేయడమని పండితులు సాధారణంగా అనుకునేది. 1920లో 74 రోజుల నిరాహార దీక్షతో చనిపోయిన కార్క్ మేయర్ టెరెన్స్ మాక్‌స్వీనీ గుర్తొచ్చి, జనం రెంటినీ కలిపేస్తారు. అది ఖైదీ చేసిన రాజకీయ పోరాటం, ఇది వ్యాజ్యంలో ఒక మెట్టు.

నియమాలు ఇద్దరికీ ఉన్నాయి. గుమ్మం ముందు మనిషి పస్తుంటే దొర తాకట్టో పూచీదారునో చూపించాలి. అవేవీ చూపకుండా భోజనానికి కూచుంటే బాకీ రెట్టింపు. అసలు లెక్కచేయకపోతే అతని న్యాయ హక్కులే పోతాయి, రేపు అతనికి ఎవరైనా హాని చేసినా పరిహారం అడగలేడు. పదిమంది ఆశ్రితుల మధ్య బతికే దొరకి రెండు ఆవులకంటే అదే ఎక్కువ నష్టం. ఇటు మీ రైతు కూడా, దొర సరైన హామీ ఇచ్చాక మొండిగా పస్తు కొనసాగిస్తే బాకీ మీద హక్కు కోల్పోతాడు. మీ ఘట్టమంతా ఆ హామీ సరైనదా కాదా అన్న వాదన మీద నడిపించండి. ఆకలి వర్ణనలకంటే అందులోనే పస ఉంది.

సాధువుల చరిత్రల్లోకీ ఇది ఎక్కింది. పాట్రిక్ క్రోగ్ పాట్రిక్ కొండ మీద 40 రోజులు పస్తుండి, వరాలిచ్చేదాకా దిగనని దేవదూతతో బేరమాడటం అచ్చం ట్రోస్కద్ తీరే.

ఆవులమంద:
రెండు ఆవులకి మార్చేశాను. బాకీ పడింది దొర కాక రాజే అయితే?

బందెలదొడ్డి:
రాజు పశువుల్ని జప్తు చేస్తే ఆయన పరువు పోతుంది కాబట్టి ఆయన బదులు జప్తుకి నిలబడే మనిషి ఒకడుండేవాడు, అయిథెఖ్ ఫోర్థ అంటారు. రాజు బాకీకి అతని పశువుల్ని తోలుకుపోతారు. తర్వాత వాళ్లిద్దరూ తేల్చుకోవాలి.

గీతలమధ్య:
ఒక హెచ్చరిక. మూల పాఠాలు 7, 8 శతాబ్దాలవి. మనకి మిగిలిన ప్రతులు మాత్రం ఎక్కువగా 14 నుంచి 16వ శతాబ్దాలవి. వాటిలో పంక్తుల మధ్య సన్నటి అక్షరాలతో రాసినవి తర్వాతి లాయర్ల వ్యాఖ్యలు. ప్రతి హోదాకీ ఒక గడువు, ప్రతి తప్పుకీ భిన్నాలతో సహా జరిమానా అంటూ చక్కటి పట్టిక కనబడితే అది చాలావరకు వ్యాఖ్యాతల పనే. 8వ శతాబ్దపు పాత్ర నోట పెట్టకండి.

అన్నట్టు, ఆవులిచ్చిన రోజున పూచీదారులెవరు? సాక్షులూ పూచీ లేని ఒప్పందం పట్టుకుని గుమ్మం ముందు కూచుంటే దొర నవ్విపోతాడు. మూడు రకాలున్నారు. నాద్మ్ తన పరువు ఒడ్డి బాకీదారు చేత బలవంతంగానైనా కట్టించేవాడు. రాథ్ బాకీదారు ఎగ్గొడితే తన సొత్తులోంచి కట్టి, తర్వాత అతని దగ్గర రాబట్టుకునేవాడు. అయితిరె తన శరీరాన్నే పూచీ పెట్టి బందీగా పోయేవాడు, రాజ్యాల మధ్య ఒడంబడికల్లో ఎక్కువగా కనిపిస్తాడు. మీ కథకి మొదటి ఇద్దరు చాలు. పూచీకి కూడా పరువు ధరే హద్దు. మీ రెండు ఆవులు 4 షేద్‌లు, కాబట్టి 3 షేద్‌ల చిన్నరైతు ఓకారెని రాథ్‌గా పెట్టొద్దు. ఇంకో బో ఆరెనైనా వెతకండి.