పుష్కరాల ఫోటోలో అమ్మమ్మ నిలబడ్డ రేవు ఏది? మూడు రోజులు తిరిగినా దొరకలేదు

గోదారిమనవడు:

నమస్కారమండి. రాజమండ్రి బాగా తెలిసినవాళ్ళు, పాత ఫోటోల సంగతి తెలిసినవాళ్ళు కాస్త సాయం చెయ్యాలి.

మా ఇంట్లో అందరికీ తెలిసిన ఫోటో ఒకటుంది. అసలు ప్రింటు మాత్రం మొన్న సంక్రాంతికి తాతయ్య ట్రంకు పెట్టె తీస్తే నా చేతికొచ్చింది. అరచేతిలో ఇమిడే చదరపు ముక్క, నలుపు తెలుపు. అంచులు తపాలా బిళ్ళలా రంపప్పళ్ళు. పై మూలన గుండుసూది తుప్పు మచ్చ. వెనకాల తాతయ్య సిరా రాత: "పుష్కరాలు, రాజమండ్రి". అంతే. ఏ సంవత్సరమో వెయ్యలేదు. పాలవాడి లెక్క తారీఖులతో సహా నలభై ఏళ్ళు దాచిన మనిషి!

ఫోటోలో అమ్మమ్మ రేవు మెట్ల మీద నిలబడి ఉంది. చంకలో ఏడాది పిల్లాడు, గుండు, ఒక కాలికి కడియం. ఎండ కళ్ళలో పడుతోందేమో చెయ్యి అడ్డం పెట్టుకుంది, మొహం సగం నీడలో పోయింది. వెనక గోదారి నిండుగా ఉంది. హేవ్‌లాక్ వంతెన స్తంభాలు ఎడమ అంచున పెద్దగా మొదలై, కుడికి వెళ్ళేకొద్దీ చిన్నవైపోతూ నీళ్ళ మీద కలిసిపోతాయి. ఆ పిల్లాడు మా చిన్నమావయ్య. ఆయన 1978లో పుట్టాడు కాబట్టి ఇవి 1979 పుష్కరాలని ఇంట్లో లెక్క. ఆయన వాట్సాప్ బొమ్మ కూడా ఇదే, ఏళ్ళ తరబడి.

సరిగ్గా అక్కడే నిలబడి ఇప్పటి ఫోటో తీసి, రెండూ పక్కపక్కన పెట్టి ఫ్రేము కట్టించి అమ్మకివ్వాలని నా కోరిక. 2027 పుష్కరాలకి రేవులన్నీ మళ్ళీ పగలగొట్టి కడతారు, ఈలోపే కానిచ్చెయ్యాలి. మన ఒడ్డున నిలబడి కొవ్వూరు వైపు చూస్తే వంతెన ఎడం చేతి వైపు ఉండాలంటే, మనం వంతెనకి ఎగువన ఉండాలి కదా. అందుకని ఎగువ రేవులన్నీ కోటిలింగాల రేవు దాకా మూడు రోజులు తిరిగాను. స్తంభాల వరస ఫోటోలోలాగా కుదిరే చోట రేవు లేదు. రేవున్న చోట వరస కుదరదు. ఒకప్పుడు అక్కడ రేవుండి పూడిపోయిందా? లేక నాకే చూడ్డం చేతకావడం లేదా?

పాతబ్రిడ్జి కీమాను:

బాబూ, ఆ వంతెన మీద పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని పట్టాల కీలు చూసుకుంటూ నడిచినవాణ్ణి. నాకు తెలిసింది చెప్తాను.

పాత వంతెన 1897లో మొదలెట్టి 1900లో రైలు వదిలారు. మద్రాసు గవర్నరు హేవ్‌లాక్ దొర పేరు పెట్టారు. అంతకు ముందు రైలు గోదారి దగ్గర ఆగిపోతే జనం దిగి, నది దాటి, ఇవతల మళ్ళీ రైలెక్కేవారట. మొత్తం 56 ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య జాగాలు, ఒక్కోటి 150 అడుగులు. 1997లో రైళ్ళు ఆపేశారు, స్తంభాలు మాత్రం ఇప్పటికీ అట్లానే ఉన్నాయి. అది నీ అదృష్టం. పాత ఫోటో పట్టుకుని చోటు వెతికేవాళ్ళలో చాలామందికి కొలుచుకోడానికి ఏదీ మిగలదు, నీకు నిలువెత్తు రాతి కొలబద్ద ఉంది.

సంవత్సరం సంగతి. రోడ్డు పైనా రైలు కిందా ఉండే వంతెన 1974లో వచ్చింది. అది పాత వంతెనకి ఎగువన. నువ్వన్నట్టు ఫోటో ఎగువ రేవులో తీసిందైతే కొత్త వంతెన తీసినవాడి వీపు వెనకాల ఉంటుంది, ఫోటోలో పడదు. కాబట్టి 1979 కావచ్చు, అంతకు ముందుదీ కావచ్చు. ఆర్చి వంతెన 1991లో మొదలుపెట్టి 1997కి పూర్తి చేశారు. అది లేదు కాబట్టి 2003 పుష్కరాలు మాత్రం కాదు. ఆ మాటకి నేను అక్కర్లేదులే, ఫోటో చూస్తేనే తెలుస్తుంది.

నీళ్ళని చూసి ఏమీ తేల్చకు. కాటన్ దొర 1852కి ముగించిన ఆనకట్ట పోయి 175 గేట్ల బ్యారేజీ వచ్చాక ఆ రేవుల్లో నీటి లెక్కే మారిపోయింది.

అడగలేదు గానీ ఒకటి చెప్తాను. రైలు వంతెనెక్కగానే జనం దణ్ణం పెట్టుకుని చిల్లర విసిరేవారు. సగం గోదారికి చేరేది కాదు, గర్డరుకి తగిలి టంగుమనేది. పొద్దున్నే నడిచేటప్పుడు ఐదు పైసలూ పది పైసలూ ఇనప సందుల్లో మెరుస్తుండేవి. తీసుకునేవాణ్ణి కాదు. అంటే మొదట్లో.

చీకటిగది:

కీమాను గారూ, ఆ "మొదట్లో" బాగుందండి.

గోదారిమనవడు గారూ, నేను స్టూడియోలో ప్రింట్లు వేసి బతికినవాణ్ణి. చదరపు ఫోటో అంటే 120 ఫిల్ము, రోలుకి 12 బొమ్మలు. ఆ కెమెరాల్లో చాలావాటిని బొడ్డు దగ్గర పట్టుకుని పైనుంచి తొంగిచూసి నొక్కేవాళ్ళం. మీరు ఫోను కంటి ఎత్తులో పెట్టి వెతుకుతుంటే మెట్లూ నీళ్ళూ ఎప్పటికీ కలవవు. కిందకి దించండి.

జూమ్ చేసి సరిపెట్టకండి. నెట్‌లో "అప్పుడు, ఇప్పుడు" అని తిరిగే ఫోటోల్లో ఎక్కువ శాతం ఇదే మోసం. దూరంగా నిలబడి బొమ్మని లాగితే సైజు కలుస్తుంది, సందులు కలవవు. మీరు చూడాల్సింది సందులే. దగ్గరి స్తంభానికీ దాని పక్క స్తంభానికీ మధ్య ఎంత ఆకాశం కనిపిస్తోంది, ఎన్నో స్తంభం దగ్గర ఆ ఆకాశం మూసుకుపోతోంది, అది లెక్కపెట్టండి. వంతెనకి దగ్గరైతే సందులు త్వరగా మూసుకుంటాయి, దూరం జరిగితే తెరుచుకుంటాయి. ఒక్కో అడుగే జరుగుతూ పోతే ఎక్కడో ఒకచోట టక్కున కూర్చుంటుంది.

ఇంకోటి. మన ఒడ్డున గోదారికి వీపు పెట్టి నిలబడితే మొహం తూర్పుకి ఉంటుంది. అమ్మమ్మ గారికి ఎండ కళ్ళలో పడిందంటే అది పొద్దుటి పూట. ఏడూ ఎనిమిది మధ్య వెళ్ళండి.

లంక ఆడపడుచు:

ఫోటో పెద్దది చేసి చాలాసేపు చూశానండి. నాకదో పిచ్చి. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు మా ఇంట్లో ఫోటోలన్నీ పోయాయి. మా అమ్మ పెళ్ళి ఫోటో గోడ మీదే ఉబ్బి, బొమ్మ మీగడలా జారిపోయింది. అప్పట్నించీ ఎవరింటి పాత ఫోటో కనబడినా వదలను.

ఒక సంగతి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ అమ్మమ్మ గారిది కుడి పైటా? ఫోటోలో పైట కుడి భుజం మీద ఉంది. మనలో కొందరి ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కుడి పైట వేసేవారు, అందుకే అడుగుతున్నాను. మీ ఇంట్లో ఆ ఆనవాయితీ లేకపోతే మాత్రం ఇందులో ఏదో తిరకాసుంది.

గోదారిమనవడు:

అమ్మని అడిగానండి. "మన ఇంటా వంటా లేదు, ఏం?" అంది.

మీరు చెప్పాక ఫోటో ముందేసుకుని కూర్చున్నాను. అంచున సగం తెగిపోయిన మనిషొకడున్నాడు, చొక్కా వేసుకుని. ఇన్నేళ్ళూ అతన్ని ఎవరూ పట్టించుకోలేదు. అతని చొక్కా జేబు కుడివైపు ఉంది.

చీకటిగది:

అయిపోయింది. బొమ్మ తిరగబడింది.

ఫిల్ముకి ఒక వైపు నిగనిగలాడుతుంది, ఇంకో వైపు మసకగా ఉంటుంది. మసక వైపు కాగితానికి ఎదురుగా పెట్టాలి. పొరపాటున అటుదిటు పెడితే ఎడమ కుడి అవుతుంది, మిగతాదంతా చక్కగానే వస్తుంది. బోర్డు మీద అక్షరాలుంటే వెంటనే దొరికిపోతాం. నీళ్ళూ వంతెనా మనుషులే ఉంటే ఎవరూ కనిపెట్టరు. నేను 1979 పుష్కరాలకి ఒక స్టూడియోలో కుర్రాణ్ణి. రాత్రంతా ఎర్ర బల్బు కింద ప్రింట్లు, తెల్లారితే రేవులో పార్టీలకి ఇవ్వాలి. నిద్రమత్తులో ఎన్ని తిప్పేశానో ఆ గోదారికే తెలియాలి. ఇది నా పని అయినా ఆశ్చర్యం లేదు.

ఫోన్లో ఫ్లిప్ అని ఉంటుంది, నొక్కండి. ఈసారి దిగువ రేవులకి వెళ్ళండి.

పాతబ్రిడ్జి కీమాను:

చీకటిగది గారూ, మీ పని కాదు లెండి. మీరు నిశ్చింతగా ఉండండి.

బాబూ, బొమ్మ తిరగేస్తే ఫోటో తీసినవాడు పాత వంతెనకి దిగువన, వంతెన వైపు చూస్తూ నిలబడ్డాడు. అంటే చూపు ఎగువకి. అక్కడ రోడ్డు వంతెన ఉంటే పాత వంతెన వెనకాల కనపడి తీరాలి. రెండంతస్తులది, దాక్కునే వస్తువు కాదు. నీ ఫోటోలో పాత వంతెన గర్డర్ల వెనక ఉత్త ఆకాశం ఉంది. నాలుగుసార్లు చూశాను, మనవరాలి చేతా చూపించాను.

కాబట్టి ఇది 1974కి ముందుది. 1979 కాదు. ఆ ముందు పుష్కరాలు 1967. చంకలో ఉన్నది మీ మావయ్య కావడానికి వీల్లేదు, అప్పటికి అతను పుట్టలేదు.

మీ అమ్మగారు ఎప్పుడు పుట్టారు?

గోదారిమనవడు:

1966.

రెండు వారాలు ఇటు రాలేదు, క్షమించాలి. శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారుజామున రాజమండ్రిలో దిగి, టీ తాగి నేరుగా దిగువ రేవులకి వెళ్ళాను. ఫోన్లో తిరగేసిన పాత ఫోటోని పల్చగా పైన పెట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ జరిగాను. రెండో రేవులో ఏడూ ఇరవైకి స్తంభాల సందులు ఒకదాని వెనక ఒకటి మూసుకుంటూ వచ్చి కలిశాయి. చీకటిగది గారన్నట్టు టక్కుమనే. ఎత్తు మాత్రం కలవలేదు. మెట్ల మీద మెట్లు కట్టి రేవుని ఎంత లేపారో గానీ, ఫోను మోకాలి దాకా దించితే తప్ప కుదరలేదు. చివరికి గొంతుక్కూర్చుని తీశాను. పక్కన స్నానానికొచ్చిన పెద్దాయన "ఏం పోయింది బాబూ, ఉంగరమా?" అని వెతకడం మొదలెట్టాడు.

ఇప్పటి ఫోటో కింద పెడుతున్నాను. రాతి మెట్ల చోట టైల్సు, స్టీలు రెయిలింగు, బట్టలు మార్చుకునే గది ఒకటి. అమ్మమ్మ నిలబడ్డ మెట్టు మీద ఎవరో పూజ చేసి వదిలేసిన అరటి దొప్ప. హేవ్‌లాక్ స్తంభాలు అలాగే ఉన్నాయి, గర్డర్లు తుప్పు రంగుకొచ్చాయి. 1967లో ఉత్త ఆకాశం ఉన్నచోట ఇప్పుడు ఆర్చి వంతెన సిమెంటు కమానులు, దూరంగా రోడ్డు వంతెన సన్నగా, దాని మీద చీమల్లా లారీలు. వంతెనల మధ్య ఆకాశం ముక్కలుగా కనిపిస్తోంది.

అమ్మకి ఫోన్లో చెప్పలేదు. ఇంటికొచ్చి రెండు ఫోటోలూ ముందు పెట్టి, పైట సంగతీ వంతెనల సంగతీ చెప్పాను. చిన్నప్పటి ఫోటో ఒక్కటీ లేదని, ఆడపిల్లని కాబట్టి తీయించలేదని మా తాతయ్యని బతికున్నన్నాళ్ళూ ఎత్తిపొడిచిన మనిషి. వంతెనల లెక్క అసలు విన్నట్టే లేదు. అద్దాలు పైకి జరిపి, ఫోటో కంటికి ఆనించుకుని పిల్ల కాళ్ళు చూసింది. లేచి వెళ్ళి బీరువాలోంచి పసుపు గుడ్డ మూట తెచ్చింది. అందులో వెండి కడియం, బొటనవేలూ చూపుడువేలూ కలిపి చుట్టినంత. ఒకటే. రెండోది పుష్కరాల్లో తన కాలి నుంచి జారి గోదాట్లో పడిందని అమ్మమ్మ చెప్పేదట. నాకీ సంగతి ఇప్పుడే తెలిసింది. అమ్మ దాన్ని ఫోటో మీద, పిల్ల కాలి పక్కన పెట్టి చూసుకుంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఫ్రేముకి ఇచ్చాను. పాతది తిప్పి సరిచేసి వెయ్యమన్నాను.

లంక ఆడపడుచు:

తిప్పకండి బాబూ, తాతగారు దాచింది దాచినట్టే ఉంచండి. కావాలంటే సరిచేసింది ఇంకోటి వేయించుకోండి. అంచున ఉన్న ఆ చొక్కా మనిషిని మాత్రం కత్తిరించనివ్వద్దు.

పాతబ్రిడ్జి కీమాను:

అవును, ఉంచు. మరి మావయ్యకి చెప్పావా?

గోదారిమనవడు:

లేదండి. ఇవాళ పొద్దున్న కూడా అదే బొమ్మతో గుడ్ మార్నింగ్ పెట్టాడు. అమ్మ చూసి, తను చెప్తానంది, నన్ను మాట్లాడొద్దంది. యాభై ఏళ్ళ బాకీ, నేనెందుకు మధ్యలో.