గర్ప్స్‌లో డాలు పట్టిన ఇద్దరి పోరు తెగడం లేదు, ఏం మార్చాలి?

నెల్లూరులో మేం ఆడుతున్నది గర్ప్స్ (పాచికలతో ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్) నాలుగో ఎడిషన్. కథ 1513-14 నాటి ఉదయగిరి కోట ముట్టడి. కోటగోడ మీద ఇద్దరు కత్తివీరులు ఎదురుపడితే చాలు, ఆట అక్కడే ఆగిపోతోంది.

ఇద్దరికీ కత్తి నైపుణ్యం 16 (మూడు పాచికల మొత్తం ఆ అంకె దాటకపోతే గెలుపు; డిఫెన్స్‌కూ అంతే). పారీ, అంటే కత్తితో అడ్డుకోవడం, 3+8 (నైపుణ్యంలో సగం)=11, మీడియం డాలుకు +2, వెనకడుగుకు +1, మొత్తం 14. క్రిటికల్ దెబ్బలు (బాగా చిన్న అంకె పడి, అడ్డుకోవడానికి వీల్లేనివి) కలిపినా ఒక వేటు తగిలే అవకాశం సుమారు 17 శాతమే. తగిలినా గొలుసు కవచం డీఆర్ (డ్యామేజీలోంచి తీసేసే అంకె) 4 ఉంది, కత్తి డ్యామేజీ 1డీ+3 (ఒక పాచిక, పైన 3). గాయం చిన్నదే.

డిసెప్టివ్ అటాక్ (మన నైపుణ్యం ఎంత తగ్గించుకుంటే అందులో సగం ఎదుటివాడి డిఫెన్స్ తగ్గే వేటు) -4తో చూశాం. ఎదుటివాడి డిఫెన్స్ 12కి దిగింది, కానీ మన నైపుణ్యం కూడా 12 అయింది కాబట్టి 5, 6 పడినా క్రిటికల్ కాదు. చివరికి 21 శాతం దాటలేదు. నైపుణ్యాన్ని 14 దగ్గర ఆపితే 16 శాతం, ఇంకా తక్కువ. ఫెయింట్‌కు (ఉత్తుత్తి వేటుతో ఏమార్చడానికి) ఒక టర్న్ పోతుంది, సమానుల మధ్య సగటున లాభం లేదు. వెనకడుగు తీసేస్తే 24 దాకా వస్తుంది గానీ, గోడ మీద తప్పుకునే ఆ కదలికే ఆటకు అందం. దాన్ని వదులుకోవడం నాకిష్టం లేదు.

మీడియం డాలు బోనస్‌ను 2 నుంచి 1కి తగ్గించి ఆడినవాళ్లు చెప్పండి: బాణాల ముందు డాలుకు విలువ మిగిలిందా?