సూల్ చర్చిల మూడు కొనల గంటల గోడకు తెలుగు మాట ఏది?

ఫ్రాన్స్‌లోని బాస్క్ సీమ అయిన సూల్ చర్చిల గురించి వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. గోతేన్ వంటి గ్రామాల్లో చర్చి గోడే పైకి లేచి మూడు మొనదేలిన శిఖరాలుగా ముగుస్తుంది. నడిమిది మిగతా రెంటికన్నా ఎత్తు, మూడింటి మీదా సిలువలు, గోడలోని కమాను ఖాళీల్లో గంటలు. ఆ మూడు కొనలూ తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే త్రిత్వానికి గుర్తని చెబుతారు, కనుక పేరులో ఆ మూడూ వినిపించాలని నా ఆశ.

‘గంటగోపురం’ అని రాస్తే, చదివిన ముగ్గురు మిత్రులూ నాలుగు పక్కలా గోడలున్న బురుజును ఊహించుకున్నారు. ‘గంటల గోడ’ ప్రహరీలా తోచింది. ‘త్రిశిఖరం’లో గంటల ఊసే లేదు. రెండు నిఘంటువులు వెతికినా దొరకలేదు.

గోడలోనే గంటలు వేలాడదీసే ఇలాంటి కట్టడాన్ని మన ప్రాంతపు తాపీ మేస్త్రీలు గానీ, చర్చి సంఘస్థులు గానీ ఏ పేరుతో పిలుస్తారు?