రోలర్ల అలైన్‌మెంట్: లేజర్ లేకుండా ఎంతవరకు పట్టుకోగలం?

జీడిమెట్ల_స్లిట్టర్
మాది ప్యాకింగ్ ఫిల్మ్ కోసే స్లిట్టర్. 12 మైక్రాన్ల పాలిస్టర్ ఎక్కించినప్పుడల్లా రెండు ఐడ్లర్ల (సొంత మోటారు లేకుండా ఫిల్మ్‌తోనే తిరిగే రోలర్ల) మధ్య ఏటవాలు ముడతలు పడుతున్నాయి, అవీ ఎప్పుడూ ఒకే దిక్కుకు. మందం ఫిల్మ్‌తో ఏ ఇబ్బందీ లేదు. ఫిల్మ్‌ను లాగే టెన్షన్ పెంచాం, తగ్గించాం, ఫలితం లేదు. లేజర్‌తో రోలర్ల అలైన్‌మెంట్ చూసేవాళ్లను పిలిచే ముందు మేమే చూసుకోగలిగింది ఏమైనా ఉందా? రసమట్టం, స్టీలు టేపు, డయల్ గేజ్ ఉన్నాయి.

గోదావరి_కాగితం
పనిముట్ల సంగతి తర్వాత. ముడత పడే చోట ఫిల్మ్ అడ్డంగా పోతోందా, నిలువుగా పోతోందా?

అడ్డంగా పోయేచోట రోలరు ఒక కొస కాస్త పైకి లేచి ఉంటే ఫిల్మ్ కొద్దిగా మెలి తిరుగుతుంది, అంతే. అది చాలావరకు తట్టుకుంటుంది. అదే కొస ముందుకో వెనక్కో జరిగి ఉంటే ఫిల్మ్ తన తలంలోనే పక్కకు వంగాలి. పలచటి రేకు అలా వంగలేక ముడత పడుతుంది. నిలువుగా పోయేచోట లెక్క తిరగబడుతుంది: అక్కడ కొస పైకీ కిందికీ ఉండటమే అసలు దోషం. కాబట్టి నిలువు దారిలో మట్టం చూడాలి, అడ్డం దారిలో రెండు రోలర్ల మధ్య దూరం చూడాలి. చాలామంది మట్టం ఒక్కటే చూసి సరిపోయిందనుకుంటారు.

ఇంకో గుర్తు. పట్టు బాగా ఉన్న రోలరు మీద వెబ్ (రోలర్ల మీదుగా పోయే ఫిల్మ్ లేదా కాగితం) ఇరుసుకు లంబంగా చేరాలని చూస్తుంది. అందుకే ముందుగా తాకిన కొసవైపు జరుగుతుంది. ఏ వైపు జరుగుతోందో చూస్తే ఏ కొస ముందుకు వచ్చిందో సగం తెలిసిపోతుంది.

జీడిమెట్ల_స్లిట్టర్
అడ్డంగానే పోతోందండి. మట్టం ఇప్పటికే చూశాం, బుడగ నడిమధ్యే ఉంది.

ఫిట్టర్_వాపి
ఏ రసమట్టం? తాపీమేస్త్రి వాడేది అయితే ఆ బుడగ దేనికీ సాక్ష్యం కాదు. మీటరుకు 0.02 మి.మీ. గీత ఉన్న మెషిన్ లెవల్ కావాలి. అది కూడా ఒకసారి పెట్టి, రెండు కొసలూ తారుమారు చేసి మళ్లీ పెట్టండి. రెండు రీడింగుల సగటే రోలరు మట్టం, తేడాలో సగం లెవల్ సొంత దోషం. తర్వాత రోలరును పావు చుట్టు చొప్పున తిప్పుతూ చూడండి. రీడింగు మారుతూ పోతే వంకర రోలరులోనే ఉన్నట్టు. అప్పుడు బేరింగును ఎంత జరిపినా లాభం లేదు.

వెబ్_ఆఫ్‌సెట్
మేము న్యూస్‌ప్రింట్ యంత్రం మీద రెండు రోలర్ల మధ్య మూల నుంచి ఎదురు మూలకు కర్ణాలు కొలుస్తాం. రెండూ సమానమైతే సరి.

ఫిట్టర్_వాపి
అది నన్ను చాలాసార్లు తిప్పలు పెట్టిన పద్ధతి. ఒక రోలరు ఇరుసు వెంబడి పక్కకు జరిగి ఉన్నా కర్ణాలు తేడా చూపిస్తాయి, రోలర్లు మాత్రం చక్కగా సమాంతరంగానే ఉంటాయి. రెండు కొసల దగ్గర దూరమే కొలవండి.

అందుకు పలచని స్టీలు టేపును రెండు రోలర్ల చుట్టూ ఒక్క వలయంగా చుట్టండి. స్ప్రింగ్ త్రాసుతో ప్రతిసారీ ఒకే బలంతో లాగండి. టేపు రెండు చివరలూ ఒకదాని మీద ఒకటి పడిన చోట సన్నగా గీత గీసి, గీతల మధ్య ఎడం వెర్నియర్‌తో కొలవండి. ఒక కొసకూ రెండో కొసకూ వచ్చే తేడాను సగం చేస్తే ఇరుసుల దూరంలో తేడా తెలుస్తుంది. అంతకంటే ముందు ఒక్కో రోలరును కొసల దగ్గర విడిగా చుట్టి, చుట్టుకొలత సమానమేనా చూసుకోండి. ఒక కొస అరిగి ఉంటే వలయం అబద్ధం చెబుతుంది.

మెయిన్ స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాకే రోలర్ల మధ్య చెయ్యి పెట్టండి.

గోదావరి_కాగితం
ఒక రోలరును ప్రమాణంగా పెట్టుకోండి, అన్నిటినీ దానితోనే పోల్చండి. పక్కదానితో పక్కదాన్ని సరిచేస్తూ పోతే చిన్న చిన్న తప్పులు పోగై చివరి రోలరు ఎటో పోతుంది. దూరంగా ఉన్నవాటికి యంత్రం పక్కన నేల మీద పియానో తీగ బిగించి, దానికి లంబంగా గీతలు గీసి, రోలరు కొసల నుంచి తూకపు గుండు వేలాడదీయండి. తీగ సాగిలబడినా అది కిందికే, పక్కకు కాదు. డ్రయర్ ఉన్న యంత్రమైతే చల్లగా ఉన్నప్పటి కొలత వేడెక్కాక నిలవదు. ఉక్కు మీటరుకు, డిగ్రీకి సుమారు 0.012 మి.మీ. సాగుతుంది. ఫ్రేము రెండు పక్కలూ ఒకేలా వేడెక్కవు.

జీడిమెట్ల_స్లిట్టర్
చుట్టుకొలతలు సరిపోయాయి. వలయంలో ఆపరేటర్ వైపుకూ డ్రైవ్ వైపుకూ 0.8 మి.మీ. తేడా వచ్చింది, అంటే ఇరుసులో 0.4. బేరింగు బ్లాకు బోల్టులు వదులు చేశాం, బ్లాకు కదలడం లేదు.

ఫిట్టర్_వాపి
బ్లాకు కింద డోవెల్ పిన్ను (బ్లాకు కదలకుండా బిగువుగా కొట్టే కడ్డీ) ఉంటుంది. లాగేసి జరపండి. సరిచేశాక కొత్త రంధ్రం వేసి మళ్లీ పిన్ను కొట్టండి, బోల్టుల మీద వదిలేయకండి.