అప్‌డేట్: ఎఫ్‌ప్రింట్ఎఫ్ సరేనన్నా ఫైల్‌లో చివరి లైన్లు ఎందుకు రాలేదంటే

లినక్స్‌లో నడిచే మా సీ ప్రోగ్రామ్ రిపోర్టు ఫైల్‌లో చివరి లైన్లు రావట్లేదని, ఫైల్‌లోకి రాసే ఎఫ్‌ప్రింట్ఎఫ్ ఫంక్షన్ మాత్రం రాసిన అక్షరాల సంఖ్యను ప్రతిసారీ సరిగ్గానే ఇస్తోందని అడిగాను కదా. కారణం దొరికింది. ఆ ఫైల్ ఉన్న పార్టిషన్ (డిస్కులో ఒక భాగం) నిండిపోయింది.

ఎఫ్‌ప్రింట్ఎఫ్ మామూలుగా రాసేది మెమరీలోని బఫర్ అనే తాత్కాలిక జాగాలోకి. బఫర్ నిండినప్పుడో, ఎఫ్‌ఫ్లష్ (బఫర్‌ను ఖాళీ చేసేది) గానీ ఎఫ్‌క్లోజ్ (ఫైల్ మూసేది) గానీ పిలిచినప్పుడో అది డిస్కు వైపు కదులుతుంది. ఎర్రర్ బయటపడేదీ అప్పుడే. పాత కోడ్‌లో ఎఫ్‌క్లోజ్ తిరిగిచ్చే విలువను చూసే లైనే లేదు. అది చేర్చగానే విఫలమైందని తెలిపే ఈఓఎఫ్ వచ్చింది, డివైస్‌లో జాగా లేదని ఎర్రర్ సందేశం చూపే పెర్రర్ చెప్పింది. పెర్రర్‌ను వెంటనే పిలవాలి, మధ్యలో ఇంకో ఫంక్షన్ నడిస్తే ఎర్రర్ నంబరు ఉండే ఎర్‌నో మారిపోవచ్చు.

పరీక్షించడానికి డిస్కు నింపక్కర్లేదని చెప్పినవాళ్లకు చాలా థ్యాంక్స్. ఎప్పుడూ నిండినట్టే ప్రవర్తించే లినక్స్ ప్రత్యేక ఫైల్ '/డెవ్/ఫుల్' ఎంత మంచి సాయమో! దానికి ఏం రాసినా ఈఎన్ఓఎస్పీసీ (జాగా లేదు) ఎర్రరే వస్తుంది. ఇప్పుడు మా టెస్టుల్లో అది శాశ్వతంగా ఉంది.

ఇంకో మాట. హఠాత్తుగా కరెంటు పోయినా డేటా నిలవాలంటే ఎఫ్‌క్లోజ్ ఒక్కటే చాలదు. ముందు ఎఫ్‌ఫ్లష్, ఆ తర్వాత డేటాను నిజంగా డిస్కుకు చేర్చే ఎఫ్‌సింక్ పిలవాలి. ప్రతి లైనుకూ పెడితే ప్రోగ్రామ్ బాగా నెమ్మదిస్తుంది, అందుకే ఫైల్ మూసే ముందు ఒక్కసారే పెట్టాం.