సమస్య: “కోడివేపుడు గాలాన గుచ్చుకొనియె” (ఇదే చివరి పాదంగా వచ్చేలా మిగతా మూడు పాదాలు రాసి, అసంభవంగా తోచే ఈ మాటకు అర్థం కుదర్చాలి)

గంటం (నిర్వహణ): ఈసారి పురాణాలు, పెళ్లిళ్లు పక్కన పెడదాం. అమెరికా టీవీ సిట్‌కామ్ ‘ది బ్రాడీ బంచ్’లో కుటుంబమంతా క్యాంపింగ్‌కి వెళ్లే ఎపిసోడ్ మన ఇతివృత్తం. 1969 నవంబర్ 14న ఏబీసీ చానల్లో వచ్చింది. చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా: మైక్ ఆర్కిటెక్టు, అతనికి ముగ్గురు కొడుకులు. గ్రెగ్, పీటర్, బాబీ. కారల్‌కి ముగ్గురు కూతుళ్లు. మార్షా, జాన్, సిండీ. ఇద్దరికీ ఇది రెండో పెళ్లి. ఇల్లు చూసుకునే ఆలిస్ ఉండనే ఉంది. నాన్నతో క్యాంపింగ్ అంటే మగపిల్లలకు ప్రాణం. ఈసారి ఆడవాళ్లు కూడా వస్తారనేసరికి మొహాలు మాడిపోయాయి. చేపలు మేం పట్టి పెడతామని బీరాలు పలికారు. ఒక్కటీ పడలేదు. చివరికి ఆడవాళ్లు ఇంటి నుంచి సర్దుకొచ్చిన తిండే దిక్కయింది.

కోడి మాత్రం సమస్య కోసం నేను వేసిన మసాలా. వేపుడైపోయిన కోడి గాలానికి ఎలా చిక్కిందో తేటగీతి ఛందస్సులో చెప్పండి. కల వచ్చిందని తప్పించుకోకండి.

పెసరట్టు: బోణీ నాది.

చేప పడదాయె నొక్కటి; చిన్నవాఁడు
విసరె గాలమ్ము వెనుకకు వేగముగను;
తల్లి తెరచిన బుట్టలోఁ దగిలె నౌర!
కోడివేపుడు గాలాన గుచ్చుకొనియె.

గంటం: బాగుందండీ. గాలం ఏట్లోకి విసరాలంటే ముందు కర్రను వెనక్కి ఊపాలి కదా, ఆ ఊపులోనే ముల్లు బుట్టలో పడింది. చూసి రాసినట్టుంది. మూడో పాదంలో ‘ఔర’ ఒక్కటే నాకు నచ్చలేదు. బ్రాడీ బంచ్‌ని ప్రేక్షకుల ముందు తీయలేదు, నవ్వులు తర్వాత అతికించారు. మీ ‘ఔర’ కూడా అలాగే అతికించినట్టుంది, ఇక్కడ నవ్వండి అని మాకు చెబుతోంది. “దగిలె ముల్లు” అనండి. గణాలు (పాదంలోని లయ కొలతలు) చెడవు, వస్తువూ కంటికి కనిపిస్తుంది.

పెసరట్టు: మార్చేశాను మాస్టారూ. ముల్లు బాగా దిగింది.

మేఘమాల: వద్దన్నా కలే కన్నాను, తిట్టండి.

పగలు పస్తుండి పిల్లలు పవ్వళింప,
కప్పి దుప్పటి డేరాలొ కలను గనిరి;
కొలనులోనికి వేయఁగాఁ గొసరి కొసరి
కోడివేపుడు గాలాన గుచ్చుకొనియె.

గంటం: తిట్టను గానీ మార్కులు తగ్గిస్తాను. కలలో ఏనుగు చీమ కడుపున పుట్టినా అడిగేవాడు లేడు. అలాంటప్పుడు సమస్య ఇవ్వడం దేనికి? రెండోది, ‘డేరాలొ’. గణం కోసం ‘లో’ని కుదించారు. ‘డేరానఁ’ అంటే సరిపోయేది. మూడోది, పస్తు ఎక్కడ ఉన్నారండీ? చేప పడకపోయినా బుట్ట ఉంది కదా, ఆ ఎపిసోడ్ కీలకమే అది. “కొసరి కొసరి” మాత్రం చాలా బాగుంది. అన్నం వడ్డించే మాటను గాలం విసరడానికి వాడారు, అందులో ఆకలి తెలుస్తోంది.

కాటుకపిట్ట: క్రమాలంకారంలో నా ప్రయత్నం. మూడు ప్రశ్నలు, చివరి పాదంలో వరసగా మూడు జవాబులు.

అమ్మ సర్దిన బుట్టలో నబ్బె నేమి?
వానపామది యెచ్చోట వసతిఁ గొనియె?
ముల్లు నడువంగ నేమాయె మోటు దారి?
కోడివేపుడు, గాలాన, గుచ్చుకొనియె.

తేనెటీగ: వానపాముకి వసతి గృహం! హాయిగా నవ్వుకున్నాను.

గంటం: పాత పద్ధతే అయినా నిక్కచ్చిగా పట్టుకున్నారు. యతి అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో వచ్చే జోడీ అక్షరం కదా, మొదటి పాదంలో స్వరయతి (అచ్చుల జోడీ), రెండో పాదంలో వా-వ, మూడో పాదంలో ము-మో, వేలు పెట్టడానికి సందు లేదు. ఒక్క మాట. విడి ప్రశ్నలు కావడంతో కోడి కోడి దగ్గర, గాలం గాలం దగ్గర ఉండిపోయాయి. సమస్య విడింది, కథ మాత్రం నడవలేదు. అవధాన సభలో అయితే చప్పట్లు మీకే.

తేనెటీగ: నేను బ్రాడీ వాళ్లింటి నుంచి కొంచెం పక్కకు జరిగాను. ‘ఐ లవ్ లూసీ’లో 1953లో ఒక క్యాంపింగ్ ఎపిసోడ్ ఉంది. భార్య మళ్లీ వస్తానని అనకుండా ఉండాలని రికీ ఆమెను ముప్పుతిప్పలు పెట్టాలనుకుంటాడు. పక్కింటి ఎథెల్ చాటుగా లూసీకి సాయం చేస్తుంటుంది.

పొదల చాటున నెచ్చెలి పొంచియుండి
సంతలోఁ గొన్న పొట్లమ్ము సద్దు లేక
లూసి కందింప, మగఁడేమొ చూసి బెదర
కోడివేపుడు గాలాన గుచ్చుకొనియె.

కాటుకపిట్ట: ‘చూసి’ వ్యావహారికం కదా? పద్యంలో ‘చూచి’ ఉండాలి.

తేనెటీగ: ‘చూచి’ పెడితే ప్రాసయతి (రెండో అక్షరాల జోడీ) పోతుంది. లూసి-చూసి అక్కడ తాళం వేసినట్టు కూర్చుంది, తీయబుద్ధి కాలేదు.

గంటం: సమస్యలోనే ‘గాలాన’ అని నేను ఇచ్చాక ‘చూసి’ మీద గదమాయించే హక్కు నాకు లేదు. పక్కకు జరగడమూ తప్పు కాదు, జోడీ బాగా కుదిరింది. బ్రాడీ వాళ్లింట్లో అబ్బాయిలు బీరాలు పలికి భంగపడితే, ఇక్కడ భర్త పన్నాగం పన్ని భంగపడతాడు. కానీ నాకో సందేహం. చేప కాకుండా కోడివేపుడు అందించిన నెచ్చెలి లూసీకి సాయం చేసినట్టా, గుట్టు బయట పెట్టినట్టా?

తేనెటీగ: హ్హహ్హ, మగడు బెదిరింది అందుకేనండీ.

కొత్తనీరు: నమస్కారం. మొదటిసారి రాస్తున్నాను. గణాలు లెక్కపెట్టుకున్నాను, యతి అంటేనే టెన్షన్‌గా ఉంది.

గ్రెగ్గు చెప్పెను మగవారి పనుల గూర్చి;
పట్టి తిందుము చేపలే పంతమనుచు;
చివరి కాకలి గెలువఁగ సిగ్గు విడిచె;
కోడివేపుడు గాలాన గుచ్చుకొనియె.

పెసరట్టు: స్వాగతమండీ. మొదటి పాదంలో యతి తప్పింది, గ్రె-ప కుదరవు. పైగా కోడి గాలానికి ఎలా వచ్చిందో చెప్పలేదు కదా?

కొత్తనీరు: చెప్పాననుకున్నానండీ. ఫోర్కులు తేలేదు, చేతులకు ఎర మట్టి. వాడే గాలపు ముల్లుతో ముక్కను గుచ్చుకుని తిన్నాడు.

గంటం: ఆగండి, ఆగండి. పెసరట్టు గారూ, మళ్లీ చదవండి. ఇంతసేపూ మనమందరం కోడి తనంతట తాను వచ్చి గుచ్చుకుందనే చదివాం. సమస్య ఇచ్చిన నేనూ అలాగే అనుకుని ఇచ్చాను. ఈయన కర్తను మార్చేశారు. ‘విడిచె’ ఎవరు? గ్రెగ్. ‘గుచ్చుకొనియె’ ఎవరు? ఆ గ్రెగ్గే, తన కోసం. ఒక్క అక్షరం కదపకుండా అసంభవం కాస్తా మామూలు ఆకలి అయిపోయింది.

ఇప్పుడు యతి. ‘గ్రె’లో గకారంతో పాటు రేఫ (రకారం) కూడా ఉంది, కాబట్టి రి, రీ, రె, రేలతోనూ యతి చెల్లుతుంది. “గ్రెగ్గు చెప్పెను మగవారి రీతు లెన్ని” అనండి. రెండో పాదంలో “చేపలే పంతమనుచు” కొంచెం ఇరుకుగా ఉంది, కానీ బీరాలు పలికేవాడి నోట ఇరుకు మాట ఉంటే ఉండనిద్దాం. మూడో పాదంలో చి-సి యతి సరిగ్గా ఉంది.

నాకు బాగా నచ్చింది ‘సిగ్గు విడిచె’. ఈ సీరియల్ సృష్టికర్త షెర్వుడ్ ష్వార్ట్జ్‌కి ఆలోచన వచ్చింది 1966లో పేపర్లో పడ్డ ఒక చిన్న వార్త నుంచి. అమెరికాలో 30 శాతం పెళ్లిళ్లలో ముందు పెళ్లి బిడ్డలు ఉంటున్నారన్నది ఆ వార్త. అంటే కొత్తగా వచ్చిన అమ్మ, కొత్త చెల్లెళ్లు. వాళ్లు సర్దిన బుట్టలో చెయ్యి పెట్టడం ఆ పిల్లాడికి ఆకలి తీర్చుకోవడం ఒక్కటే కాదు, వాళ్లను ఒప్పుకోవడం కూడా. కొత్తనీరు గారి గ్రెగ్ చెయ్యి పెట్టలేదు చూడండి, గాలం పెట్టాడు. ఇంకా కాస్త బెట్టు మిగిలే ఉంది. ఈ వారం మొదటి స్థానం ఈ పద్యానిదే.

కాటుకపిట్ట: ఒప్పుకుంటున్నాను. క్రమాలంకారం ఓడింది.

కొత్తనీరు: ధన్యవాదాలండీ. బెట్టు గురించి నేను అంత ఆలోచించలేదు, ఫోర్కు గురించే ఆలోచించాను.

మేఘమాల: వచ్చే వారానికి నాదో పాదం. అదే కుటుంబం 1971లో గ్రాండ్ కాన్యన్‌కి వెళ్తుంది. అక్కడ ఇంటి నుంచి పారిపోయి వచ్చిన నేటివ్ అమెరికన్ కుర్రాడి కోసం బాబీ టార్చిలైటులో చిక్కుడు గింజలు దాస్తాడు. “టార్చి విప్పంగఁ జిక్కుళ్లు టపటపఁ బడె.”

గంటం: పాదం లక్షణంగా ఉంది. కానీ అది తెర మీద నిజంగానే జరిగింది కదమ్మా, పూరించడానికి మాకేం మిగిల్చావు? ఆ టార్చిని వెలిగించు. గింజలు తీయకుండా.