సమస్య: నలుబదాఱు సగము నలుబదాఱు

నిర్వాహకుడు:
ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాం. విషయం బీజకణాల్లో, అంటే వీర్యకణం, అండాల్లో, క్రోమోజోముల సంఖ్య. అవి రెండు విభజనలతో తయారై సగం సంఖ్యతో ఉంటాయి. యతి న–న పాదంలోనే కుదిరింది కనుక శ్రమంతా పై మూడు పాదాల మీదే. 1956లో శాస్త్రవేత్తలు ట్జియో, లెవాన్ మనిషి లెక్క 46 అని చూపేదాకా పుస్తకాల్లో 48 ఉండేది. అదే నిలిచి ఉంటే ‘నలుబదెనిమిది’కి ఒక లఘువు మిగిలిపోయి ఈ సమస్యే పుట్టేది కాదు!

బీజాక్షరి:
చర్మకణమునందు సంఖ్య యెంతగ నుండు?
వీర్యకణమునందు విలువ యెంత?
అండమందుఁ జొరగ నపుడు మొత్తం బెంత?
నలుబదాఱు, సగము, నలుబదాఱు.

సూక్ష్మదర్శిని:
బీజాక్షరి గారూ, ప్రశ్నల వరుసలోనే జవాబులు చెప్పే క్రమాలంకారంతో పాదాన్ని మూడు ముక్కలు చేసిన తీరు బాగుంది. చ–స యతి చెల్లుతుంది. పేచీ అంతా ‘చొరగ నపుడు’ దగ్గరే. ఆ క్షణానికి అండంలో రెండో విభజన పూర్తయి ఉండదు, మధ్యలో ఆగి ఉంటుంది. అక్కడి 23 క్రోమోజోములూ ఇంకా జంటపోగులవే. సెంట్రోమియర్లు, అంటే జంటపోగుల్ని కలిపే ముడులు, లెక్కిస్తే 23+23, మీ మాట నిలిచింది. పోగులు, అంటే క్రొమాటిడ్లు లెక్కిస్తే 46+23, మొత్తం 69. వీర్యకణం చొరబడ్డాకే 23 పోగులు రెండో ధ్రువదేహంలోకి, అంటే అండం విడిచేసే చిన్న కణంలోకి, పోతాయి.

కదురుపోగు:
ఆ పోగుల మీదే నా పూరణ.
తొలుతఁ బోగులుండు తొంబదిరెండుగ
జంట విడినయంత సగము మిగులు
గణన పోగులందె కావించి చూచిన
నలుబదాఱు సగము నలుబదాఱు.

సూక్ష్మదర్శిని:
సమస్యకు అసలు విరుపు ఇదే. విభజనకు ముందే డీఎన్‌ఏ రెట్టింపవుతుంది, కానీ సెంట్రోమియర్లు 46 కనుక క్రోమోజోములు 46 అనే అంటాం. పోగులు మాత్రం 92. అయితే మొదటి పాదంలో పోగులు చెప్పి వెంటనే ‘జంట విడిన’ అంటే తోడుపోగులు, అంటే ఒకే క్రోమోజోములోని రెండు పోగులు, విడిపోయాయని చదువుతారు. తొలి విభజనలో విడేది సమజాత జంట, అంటే తల్లిదొకటీ తండ్రిదొకటీ అయిన ఒకే రకం క్రోమోజోముల జత. రెండో పాదం ఇలా మారిస్తే?
తల్లి దొకట నుండుఁ దండ్రి దొకట
మధ్యలో ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటాయి కనుక అచ్చంగా తల్లిదనీ తండ్రిదనీ అనలేం. సెంట్రోమియర్ ఎటుపోతే అటు లెక్క.

తొలకరి:
రెండుమార్లు చీలి రెండుమార్లు సగము
అయిన నేమి, యండమందుఁ గలియ
మఱల వృద్ధిఁ బొంది మానవదేహాన
నలుబదాఱు సగము నలుబదాఱు.

బీజాక్షరి:
తొలకరి గారూ, గణాలు, యతులు సరిగ్గా ఉన్నాయి. తప్పు లెక్కలో! రెండుసార్లూ సగమైతే 46, 23, ఆపైన పదకొండున్నర. ఆ అర క్రోమోజోము ఎక్కడ పెడతారు? రెండో విభజనలో తోడుపోగులే విడతాయి: జంటపోగుల 23 కాస్తా ఒంటిపోగుల 23 అవుతుంది, సంఖ్య కదలదు. ప్రాసయతితో సవరణ:
రెండుమార్లు చీలు, నొండుమారె సగము
అగును; గాన నండమందుఁ గలియ

తొలకరి:
ధన్యవాదాలండీ, దిద్దుకున్నాను. విభజనలో క్రోమోజోముల్ని చెరోవైపు లాగే పోగుల అమరిక, అంటే కదురు, చెడిన సందర్భం మీద ఇంకొకటి.
కదురు నడువకున్న కణము చీలకపోయి
మొత్త మెల్ల నండమున మిగులును
తగ్గవలసినట్టి తావునఁ దగ్గక
నలుబదాఱు సగము నలుబదాఱు.

కదురుపోగు:
ఇది నాకు అన్నిటికన్నా నచ్చింది. ‘మొత్త మెల్ల’ పునరుక్తి. ‘మూటమొత్త మండమున’ అనండి, మూ–ము యతి నిలుస్తుంది. అలాంటి అండానికి 23 కలిస్తే 69. మనిషిలో ఆ పిండం సాధారణంగా నిలవదు. గింజలేని పుచ్చలో మాత్రం ఆ చెడిన లెక్కనే కావాలని తెస్తారు. మామూలు పుచ్చకు 22. కొల్చిసిన్ అనే రసాయనం కదురు కట్టనివ్వదు కనుక 44. ఆ మొక్క అండంలో 22, మామూలు పుప్పొడిలో 11, విత్తనంలో 33. ఆ విత్తనం వేసిన మొక్కలో మూడేసి ఉన్నవి సరిగా జతకట్టలేక గింజ పట్టదు. కానీ కాయ నిలవాలంటే పుప్పొడి కావాలి, కాబట్టి పక్కన మామూలు పుచ్చ వేయాల్సిందే.

నిర్వాహకుడు:
అయితే వచ్చేసారి ‘ముప్పదిమూడు’ మీద కందపాదం ఇద్దాం.